కామా లేని చోట

ఇంట్లో అల్లం అనేది కంటికి కనబడకుండా పోయి అప్పటికి తొమ్మిది రోజులు. నెల తప్పిందని తెలిసిన సాయంత్రమే అత్తగారు వంటగదిలోకి వెళ్ళి, కూరల బుట్ట అడుగున పడి ఉన్న రెండు అల్లం కొమ్ములూ తీసి పక్కింటావిడ చేతిలో పెట్టేసింది. అంతటితో ఆగిందా అంటే ఆగలేదు. అల్లం తురుముకునే చిన్న రేకు అటకెక్కింది. శొంఠి పొడి సింకు పాలైంది. ఆ డబ్బా కడిగి తుడిచి అందులో పిన్నీసులు పోసి పెట్టింది. దొంగని ఊరు దాటించినట్టు అల్లాన్ని ఇల్లు దాటించాక గానీ ఆవిడకి కుదుటపడలేదు.

"మనం మానేశాంలే అల్లం," అన్నాడు భర్త, తన కప్పులోని ఉత్త టీ వంక జాలిగా చూసుకుంటూ.

ఆయనగారి త్యాగం ఆ కప్పుతో సరి. పొద్దున్నే ఐదున్నరకి లేచి, బాత్రూం గోడకి నుదురు ఆనించి, కడుపులో ఉన్నదీ లేనిదీ కూడా బయటికి తెచ్చుకునేది మాత్రం ఆమె. ఆ తర్వాత ముక్కుకి చున్నీ అడ్డం కట్టుకుని వంట చేసేది కూడా ఆమే. ఉల్లిపాయ వేగుతుంటే పరిగెత్తడం, మంట తగ్గించడం మర్చిపోయానే అని సగంలో వెనక్కి రావడం, మళ్ళీ పరిగెత్తడం. అత్తగారు చెడ్డమనిషేం కాదు. వెనకాలే వచ్చి వీపు రాస్తుంది, నీళ్ళు అందిస్తుంది. రాస్తూ రాస్తూ, "ఎంత దేవినా సరే, దాని జోలికి మాత్రం పోకు," అంటుంది. దాని పేరు కూడా ఎత్తదు.

పోయినేడు ఇదే కథ. ఇలాగే రెండో నెలలో వాంతులు మొదలైతే, ఆమె అల్లం ముక్కలు నీళ్ళల్లో మరగకాచి, కాస్త నిమ్మరసం పిండుకుని రోజుకి రెండు మూడు కప్పులు తాగింది. ప్రాణం లేచొచ్చేది. మొదటి వారం ఆ కప్పులు కాచి ఇచ్చింది అత్తగారేనని ఆమెకి లీలగా గుర్తు. ఇంట్లో ఇంకెవరికీ గుర్తులేదు కాబట్టి తన గుర్తు మీద తనకే నమ్మకం పోయింది. పదోవారంలో ఒక మధ్యాహ్నం కడుపు పోయింది. ఆసుపత్రి నుంచి వచ్చాక, "అల్లం వేడి చేస్తుందని చిలక్కి చెప్పినట్టు చెప్పాను. వింటేనా?" అంది అత్తగారు. కోపంగా అనలేదు. కోపంగా అంటే తిరిగి ఒక మాట అనడానికి వీలుండేది. మెత్తగా, తల నిమురుతూ అంది. భర్త కిటికీలోంచి బయటికి చూస్తూ, "నువ్వు కాస్త చూసుకోవాల్సింది," అన్నాడు.

చూడండి మరి చిత్రం. పోయినేడు రెండో నెల వచ్చిందని తెలిసినప్పుడు భర్త ఆమెతో "మనకి రెండో నెల" అన్నాడు. మనం బరువు పెరగాలి, మనం బరువులెత్తకూడదు, మనం టెన్షన్ పడకూడదు. వాంతి చేసుకుని వస్తుంటే "మనకి ఇవాళ ఎన్నోసారి?" అని కూడా అడిగాడు. కడుపు పోయిన రోజున మాత్రం మనం ఎటు పోయిందో పోయింది. నువ్వు ఒక్కర్తివే మిగిలావు.

ఆ నువ్వుని ఆమె ఏడాదిపైగా మోసింది. మూడు కప్పులు, ముప్ఫై రోజులు అని పడుకునే ముందు వేళ్ళమీద లెక్కపెట్టుకునేది. ఒక్క కప్పుతో ఆపి ఉంటే? పలుచగా కాచుకుని ఉంటే? ఎక్కడో బజార్లో అల్లం కుప్ప కనిపిస్తే చూపు తిప్పుకుని రోడ్డు దాటేది. ఇప్పుడు మళ్ళీ ఎనిమిదో వారం. పదోవారం దాకా ఇంకా పద్నాలుగు రోజులు. లోపల ఉన్నది ఉంటుందా, తన చేతులారా మళ్ళీ పోగొట్టుకుంటుందా అన్నదొక్కటే నిద్రలోనూ మెలకువలోనూ ఆమె బుర్రలో తిరుగుతున్నది.

ఆమె పని ఒక ప్రింటింగ్ ప్రెస్సులో ప్రూఫులు దిద్దడం. మెషీన్ల హాలు పక్కనే ఒక అద్దాల గది. గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు, ఇద్దరు ఆడవాళ్ళు. ఒకరు అసలు కాగితాన్ని పైకి చదవాలి, కామాలూ ఫుల్‌స్టాపులతో సహా. రెండోవాళ్ళు అచ్చుకాగితం మీద ఎర్రపెన్నుతో వెంట రావాలి. గంటకోసారి వంతులు మారాలి. పదహారేళ్ళుగా ఈ ప్రెస్సులో ఇదే పద్ధతి. బక్కపల్చగా, కాస్త ముందుకి వంగి కూర్చుంటుందని మెషీన్లవాళ్ళు ఆమెకి కామా అని పేరు పెట్టారు. పక్క కుర్చీలో గుండ్రంగా, కదలకుండా కూర్చునే పెద్దావిడ ఫుల్‌స్టాపు. వాక్యం పూర్తయినప్పుడల్లా ఆవిడ అరచేత్తో బల్లమీద ఒక్కటిస్తుంది కూడా.

ఆరోజు వాళ్ళ ముందున్నది ప్రెషర్ కుక్కర్‌తో పాటు పెట్టెలో పెట్టి ఇచ్చే చిన్న పుస్తకం. చదివే వంతు ఆమెది. హాల్లోంచి సిరా వాసన, దానిమీద కిరసనాయిలు వాసన, వాటి వెనక ఎవరో విప్పిన టిఫిన్ డబ్బా వాసన వరసగా వచ్చి గొంతుకి అడ్డం పడుతున్నాయి.

"మూత బిగించిన తరువాత కామా మంట పెంచండి ఫుల్‌స్టాప్. ఆవిరి పూర్తిగా..." అని ఆగింది. గుటక వేసింది. "...పోయేవరకు కామా మూత తీయరాదు ఫుల్‌స్టాప్."

పెద్దావిడ బల్ల కొట్టలేదు. ఎర్రపెన్ను గాల్లో ఆగిపోయింది. "అమ్మాయ్, పూర్తిగా తర్వాత కామా ఉందా?"

"లేదక్కా."

"మరి ఆగావేం?"

"గొంతు పట్టేసింది."

"పొద్దున్నుంచి ఇది నాలుగోసారి. కామా లేని చోటల్లా ఆగుతున్నావు." అద్దాలు ముక్కుమీదికి జార్చి చూసింది. "ఎన్నో నెల?"

ఆమెకి కళ్ళలో నీళ్ళు వచ్చాయి. ఎవరికీ చెప్పొద్దక్కా అని బతిమాలుకుంది. పోయినేడు అందరికీ ముందే చెప్పుకుని సంబరపడి, ఆ తర్వాత ఒక్కొక్కరి దగ్గరా ఆగి, లేదండీ పోయిందండీ అని మళ్ళీ చెప్పుకోవలసి వచ్చింది. చెప్పుకున్న ప్రతివాళ్ళూ ఏం తిన్నావు, ఏం తాగావు అని అడిగారు. అల్లం అని చెప్పుకుంటూ వచ్చింది. ఎవరైనా కాదంటారేమోనని కూడా ఆశపడింది కాబోలు. ఒక్కరూ కాదనలేదు. అయ్యో పాపం, వేడి కదా మరి, అన్నారు.

పెద్దావిడ అంతా విని, కాదనీ ఔననీ అనకుండా తన సంచిలోంచి ఫ్లాస్కు తీసి బల్లమీద పెట్టింది. మూత తిప్పేసరికి ఘాటైన, శుభ్రమైన వాసన గదంతా పరుచుకుంది. సిరా వాసన ఎక్కడికి పోయిందో పోయింది. ఆమె కుర్చీని చప్పున వెనక్కి జరుపుకుంది.

"నాకు జలుబు, అందుకని తెచ్చుకున్నా. ముగ్గురు పిల్లలప్పుడూ నేను ఇదే తాగాను. అయితే నేను డాక్టర్ని కాను. వెళ్ళి అడుగు."

"వద్దక్కా. మూత పెట్టెయ్యి."

"నీళ్ళన్నా నిలుస్తున్నాయా?"

ఆమె నీళ్ళు నమిలింది. నమిలినవి కూడా నిలిచేలా లేవు.

"నీకు నీళ్ళే నిలవకపోతే, లోపలిది దేన్ని తాగి బతుకుతుందే పిచ్చిదానా?" అని పెద్దావిడ మూత బిగించి ఫ్లాస్కుని బల్ల చివరికి తోసింది. ఆ మాట ఆమెని ఆ రోజంతా వదల్లేదు. తాగితే భయం, తాగకపోతే ఇంకో భయం. ఎటు కదిలినా తన తప్పే అయ్యేలా ఎవరో ముందే పన్నిపెట్టినట్టుంది.

ఆ సాయంత్రం వంతు మారాక నీళ్ళ ఆఫీసు వాళ్ళ నోటీసు ఒకటి వచ్చింది. పెద్దావిడ చదువుతోంది. "పైపుల మరమ్మతు కారణంగా కామా రేపు ఉదయం నుంచి సాయంత్రం వరకు మనము మీ వీధికి నీటి సరఫరా నిలిపివేస్తున్నాము ఫుల్‌స్టాప్." చదివి, పకపకా నవ్వింది. "మనమట! మన కుళాయి మనమే కట్టుకుంటున్నామా ఏంటి? కొట్టేసి మేము అని రాయి."

ఆమె మనము మీద గీత గీసి, గీత చివర చిన్న సున్నా చుట్టి, పక్కన మేము అని రాసింది.

"ముప్ఫై ఏళ్ళుగా దిద్దుతున్నా. ఈ ఒక్క ముక్క పెద్దపెద్ద ఆఫీసర్లకి కూడా ఒంటబట్టదు. మనం అంటే నిన్ను కూడా గుమ్మంలోకి పిలిచి కూర్చోబెట్టినట్టు. మేము అంటే నిన్ను బయట నిలబెట్టి తలుపు వేసుకుని మాట్లాడుకున్నట్టు. రెండూ ఒకటే అనుకుంటే ఎలా?"

ఆమె కూడా నవ్వింది. నవ్వితే కడుపులో తిప్పింది, ఆపేసింది.

తర్వాతి రోజు అసలైన పరీక్ష వచ్చింది. ముందురోజు సాయంత్రం నుంచి గుక్కెడు నీళ్ళు కూడా లోపల ఆగలేదు. పెదవులు పగిలాయి. లేస్తే కళ్ళు తిరుగుతున్నాయి. పొద్దున్నుంచి ఒంటేలుకి కూడా వెళ్ళలేదన్న సంగతి మధ్యాహ్నానికి గానీ ఆమెకి తట్టలేదు. తట్టగానే గుండెల్లో రాయి పడింది. పెద్దావిడ పైమేడకి కాగితాలు ఇవ్వడానికి వెళ్ళింది. ఫ్లాస్కు బల్ల చివర ఉంది. నిన్న పెట్టిన చోటే పెట్టింది మళ్ళీ.

ఆమె చెయ్యి చాపింది, వెనక్కి తీసుకుంది. మళ్ళీ చాపింది. మూతలో రెండు గుక్కలు పోసుకుని, కళ్ళు మూసుకుని, ఒక గుక్క మింగింది. నాలుక మీద చురుక్కుమని, గొంతులోంచి వెచ్చగా దిగింది. నిమిషం గడిచింది. ఐదు నిమిషాలు గడిచాయి. తిరిగి రాలేదు. రెండో గుక్క తాగింది. సంచిలో నాలుగు రోజులుగా మెత్తబడిపోతున్న బిస్కెట్టు తీసి అంచు కొరికింది. అది కూడా ఆగింది. అరగంటలో మూతెడు తాగేసింది. ఒంట్లోకి ప్రాణం తిరిగి వచ్చినట్టయింది, చూపు నిలబడింది. హమ్మయ్య అనుకుంది. ఆ హమ్మయ్య పూర్తికాకముందే భయం పట్టుకుంది.

ఏం చేశాను నేను? ఏడాది ఏడ్చి, మళ్ళీ అదే కప్పు దగ్గరికి వచ్చానా? లేచి టాయిలెట్‌కి వెళ్ళింది. తలుపు గడియ పెట్టి చూసుకుంది. ఏమీ లేదు. వచ్చి కూర్చుంది. పొత్తికడుపులో ఏదో లాగినట్టయింది. లాగిందా, లాగిందనుకుందా? మళ్ళీ లేచింది. మళ్ళీ చూసుకుంది. తెల్లగా ఉన్న గుడ్డని దీపం కిందకి పట్టుకుని, ఏదైనా చుక్క ఉందేమోనని, అచ్చులో వత్తు పోయిందా అని వెతికినట్టు అంగుళం అంగుళం వెతికింది. ఆ సాయంత్రంలోగా పదకొండుసార్లు వెళ్ళింది. తొమ్మిదోసారి మేనేజరు హాల్లోంచి, "ఏమ్మా కామా, లోపల కుళాయేమైనా కారుతోందా? నువ్వే బాగు చేస్తున్నావా?" అని అరిచాడు. మెషీన్ల దగ్గర నవ్వులు వినిపించాయి. ఆమె కూడా నవ్వినట్టు మొహం పెట్టింది. ఆడవాళ్ళు అవమానాన్ని జోకు కింద పుచ్చుకోకపోతే ఎదుటివాళ్ళు నొచ్చుకుంటారు కదా.

ఇంటికి వెళ్ళాక అత్తగారు దగ్గరికి వస్తే నోరు మూసుకుని పక్కకి తిరిగింది. నోట్లోంచి వాసన వస్తుందేమోనని రెండుసార్లు పళ్ళు తోముకుంది. పెళ్ళయి నాలుగేళ్ళయిన మనిషి, ఉద్యోగం చేస్తున్న మనిషి, సిగరెట్టు కాల్చిన పిల్లాడిలా నోరు కడుక్కోవడం ఏమిటో ఆమెకే సిగ్గనిపించింది. అయినా కడుక్కుంది.

డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సింది వచ్చేవారం, భర్తతో కలిసి. "మనం వెళ్ళినప్పుడు నేను మాట్లాడతాలే, నువ్వు కంగారుపడి అన్నీ మర్చిపోతావు," అని ముందే చెప్పిపెట్టాడు. వచ్చేవారం దాకా ఆగే ధైర్యం ఆమెకి లేకపోయింది. మర్నాడు ప్రెస్సులో సగంరోజు సెలవు పెట్టి ఒక్కర్తే వెళ్ళింది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, చెప్పాల్సిన వాక్యాన్ని దిద్దుకుంటూ పోయింది. నేను అల్లం తాగాను. కాదు, నేను మళ్ళీ అల్లం తాగాను. మళ్ళీ అన్నమాట ఉండాలి. లేకపోతే నిజం సగమే అవుతుంది.

క్లినిక్‌లో నర్సు చాలాకాలంగా ఉన్న మనిషి. అద్దాలకి గొలుసు కట్టుకుని మెడలో వేసుకుంటుంది. బరువు చూసింది, మూడు కిలోలు తగ్గిందంది. పరీక్షకి ఇచ్చిన సీసా చూసి, ఒంట్లో నీళ్ళు లేవమ్మా, ఇంత దాకా ఎందుకు తెచ్చుకున్నావు, అని కసిరింది. కసరడంలో ప్రేమ ఉందని పసిగట్టగానే ఆమె గబగబా అప్పజెప్పేసింది.

"సిస్టర్, నేను మళ్ళీ అల్లం నీళ్ళు తాగాను. నిన్న. పోయినసారి లాగే. ఏమైనా అయిందేమో చూడండి."

"తాగితే?"

"పోయినసారి దానివల్లే కదా పోయింది."

నర్సు అద్దాలు పెట్టుకుని ఆమె మొహంలోకి చూసింది. బీరువా దగ్గరికి వెళ్ళి ఫైలు తెచ్చింది. కాగితాలు తిప్పి, ఒకదాని మీద వేలు పెట్టింది. "పోయినసారిది పరీక్షకి పంపించాం. రిపోర్టు వచ్చింది కదమ్మా. చూడలేదూ?"

"రిపోర్టా?"

"క్రోమోజోముల లెక్కలో తేడా వచ్చింది. ఉండాల్సినదానికన్నా ఒకటి ఎక్కువ. మొదట్లోనే, నీకు నెల తప్పిందని తెలియకముందే జరిగిపోయిన సంగతి. నువ్వు తిన్నదానికీ తాగినదానికీ దాంతో సంబంధం లేదు. ఎవరి తప్పూ కాదు, మళ్ళీ అలాగే అవుతుందనీ లేదు. ఇవన్నీ డాక్టరుగారు వివరంగా చెప్పారే." కాగితం తిప్పి చూపించింది. "ఇదిగో, మీవారే వచ్చి అన్నీ విని, రిపోర్టు తీసుకున్నారు. సంతకం. నీకు చెప్తానన్నారు."

ఆ సంతకం ఆమె ఎరుగున్నదే. చివర తోక కాస్త పైకి విసిరినట్టుంటుంది. కింద తేదీ ఉంది. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన పంతొమ్మిదో రోజు.

అక్షరాలు కూర్చేటప్పుడే ఒకటి ఎక్కువ పడిందన్నమాట. ప్రూఫు ఆమె దాకా రాకముందే, ఎర్రపెన్ను పట్టుకోకముందే. ఆ సంగతి ఆమెకి ఎవరూ విడమరచి చెప్పక్కరలేకుండా అర్థమైంది. అర్థం కానిది తేదీ. పంతొమ్మిదో రోజున రిపోర్టు ఇంటికి వచ్చింది. ఆ నెలాఖరునే కదా తను అత్తగారి మంచం పక్కన నేలమీద కూర్చుని, నాదే తప్పు అత్తయ్యా, మీ మాట వినలేదు, అని వెక్కివెక్కి ఏడ్చింది? ఆవిడ తల నిమిరి, పోనీలే, ఈసారన్నా జాగ్రత్తగా ఉండు, అని క్షమించింది. గుమ్మంలో నిలబడి భర్త చూస్తూ ఉన్నాడు. రిపోర్టు అప్పటికే ఇంట్లో ఎక్కడో, ఏదో సొరుగులో ఉంది.

డాక్టరమ్మ వచ్చి స్కానింగ్ చేసింది. తెరమీద బూడిదరంగు మసకలో ఒకచోట ఏదో మినుకు మినుకుమంటోంది. గుండె బాగా కొట్టుకుంటోంది అంది. అల్లం నీళ్ళు పలుచగా రోజుకి రెండు మూడు కప్పులు తాగొచ్చంది, మామూలుగా వాడుకునేంత అల్లంతో బిడ్డకి ముప్పేమీ కనబడలేదంది. దాంతో తగ్గకపోతే మాత్రలున్నాయని, మాత్రలు కూడా నిలవకపోతే ఒక్క పూట కూడా ఆగకుండా వచ్చి సెలైను పెట్టించుకోమని గట్టిగా చెప్పింది. ఆరోజుకి ఒక సీసా అక్కడే ఎక్కించారు. సూది చేతికి ఉండగా ఆమె పైకప్పు వంక చూస్తూ పడుకుంది. ఏడుపు వస్తుందనుకుంది, రాలేదు. ఏడాదిపైగా ఏడ్చిన ఏడుపంతా ఎవరో వేరేవాళ్ళ కోసం ఏడ్చినట్టు అనిపించింది.

వెళ్ళేముందు ఫైలు ఒకసారి ఇమ్మంది. మొదటి పేజీలో "రిపోర్టులు ఎవరికి ఇవ్వాలి" అన్నచోట భర్త పేరు, అతని ఫోను నంబరు ఉన్నాయి. సంచిలోంచి ఎర్రపెన్ను తీసింది. ఆ పేరు మీద గీత గీసి, గీత చివర చిన్న సున్నా చుట్టింది. పక్కన తన పేరు, తన నంబరు రాసింది. నర్సు చూసి, పక్కన తేదీ వేసి పొట్టి సంతకం పెట్టింది, రిపోర్టు నకలు ఒకటి తీసి ఆమె చేతికిచ్చింది.

దారిలో బజారు దగ్గర దిగి అల్లం కొంది. ఇన్నాళ్ళూ రోడ్డు దాటి తప్పించుకు తిరిగిన ఆ కుప్పలోంచే, మట్టి తడి ఇంకా ఆరని కొమ్ము ఒకటి ఏరుకుంది.

ఇంట్లో భర్త అప్పుడే వచ్చి చొక్కా మార్చుకుంటున్నాడు. అత్తగారు హాల్లో కూర్చుని బీన్సు తుంపుతోంది. చెప్పులు విప్పుతూనే అడిగింది ఆమె. లోపలికి వెళ్ళి, నీళ్ళు తాగి, సమయం చూసి అడిగే ఓపిక లేకపోయింది.

"పోయినసారి రిపోర్టు వచ్చిందట కదా."

బీన్సు తుంపే చేతులు ఆగాయి. తల్లీకొడుకులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఏ రిపోర్టు అనబోయాడు అతను. ఆమె చేతిలోని కాగితం చూసి మానుకున్నాడు. గుండీలు పెట్టుకుంటూ, మంచిమాట చెబుతున్నవాడి గొంతుతోనే అన్నాడు.

"అదా. నీకు చెప్పొద్దని మేం అనుకున్నాం."

"నీ మంచికేనమ్మా," అంది అత్తగారు. "రక్తంలోనే ఏదో ఉందంటే నలుగురూ ఏమనుకుంటారు? నీకు మాత్రం మనశ్శాంతి ఉండేదా? అల్లమైతే ఏముంది, మానేస్తే పోయె."

"కారణమేం లేదంటే నువ్వు ఇంకా భయపడేదానివి," అన్నాడు అతను. "అల్లమనుకుంటే కనీసం జాగ్రత్తపడతావని."

మేం అనుకున్నాం. ఆ రెండో మాట దగ్గరికి ఆమె వెళ్ళనే లేదు, మొదటి మాట దగ్గరే ఆగిపోయింది. నాలుగేళ్ళుగా ఈ మనిషి నోట మనం, మనం, మనం అని వింటూ, తను కూడా గుమ్మం లోపలే ఉన్నాననుకుంది. వాంతులు మనవి, బరువు మనది, నెలలు మనవి. మనం అన్నప్పుడల్లా మోయాల్సింది తనే అయినా, పోనీలే, కలుపుకుంటున్నాడు కదా అని లోపల్లోపల మురిసింది కూడా. తలుపు వేసుకుని మాట్లాడుకునే మేము ఒకటి ఈ ఇంట్లో ఎప్పట్నుంచో ఉందని, అందులో తను ఏనాడూ లేదని ఇవాళ తెలిసింది. తన కడుపు గురించి, తన కడుపులోంచి పోయినదాని గురించి, తను లేని చోట ఇద్దరు కూర్చుని అనుకున్నారు. అనుకుని, ఒకళ్ళు తల నిమిరారు, ఒకళ్ళు కిటికీలోంచి చూశారు. జాగ్రత్తపడుతుందట! ఏడాదిపాటు అల్లం కుప్ప కనిపిస్తే రోడ్డు దాటింది. నిన్న టాయిలెట్లో దీపం కింద గుడ్డ పట్టుకుని పదకొండుసార్లు చచ్చి బతికింది. లోపలిది చుక్క నీరు లేక ఎండుతుంటే కూడా గుక్కెడు తాగడానికి వణికింది. వీళ్ళ జాగ్రత్త ఇంకో రెండ్రోజులు సాగి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఆమెకి ఒళ్ళు జలదరించింది.

"పోనిద్దూ," అన్నాడు అతను, భుజం మీద చెయ్యి వెయ్యబోతూ. "అయిపోయిందేదో అయిపోయింది. మనం ఇప్పుడు అవన్నీ తవ్వుకోవడం ఎందుకు?"

ఆమె ఆ చేతి కిందనుంచి జరిగి వంటగదిలోకి వెళ్ళింది. గిన్నెలో నీళ్ళు పోసి పొయ్యి మీద పెట్టింది. అల్లం కొమ్ము కడిగి, చెంచాతో పొట్టు గీకింది. తురుము రేకు అటకమీద ఉంది, ఎక్కదలచుకోలేదు. స్టీలు గ్లాసు అడుగుతో గట్టుమీద దంచింది. మొదటి దెబ్బకి చప్పుడు హాల్లోకి వెళ్ళింది, మూడో దెబ్బకి వాసన వెళ్ళింది. "అబ్బాయ్, చూస్తూ ఊరుకుంటావేంట్రా?" అంది అత్తగారు అక్కడినుంచే. ఆవిడ గొంతులో ఉన్నది భయమే. ఏడాదిగా చెప్పిందే చెప్పిచెప్పి ఆవిడే నమ్మేసినట్టుంది. ఆమెకి ఒక క్షణం జాలేసింది. అయినా దంచడం ఆపలేదు.

నీళ్ళు పసుపుపచ్చగా తిరిగి, మరిగి, దించేసరికి అతను గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. వడకట్టిన కప్పులో ఆమె నిమ్మచెక్క పిండుతోంది.

"తొందరపడకు. మనం ఒకసారి ఆలోచించుకుని..."

"మేము ఆలోచించుకున్నాం," అంది ఆమె.

"మేమా?" అతను వంటగది అంతా కలయజూశాడు. పొయ్యి, గిన్నె, తడి గట్టు, ఆమె. ఇంకెవరూ లేరు. "మేమంటే ఎవరు?"

ఆమె కప్పు ఊదుకుంది. ఒక గుక్క తాగి ఆగింది, అది కిందికి దిగి లోపలిదానికి అందేదాకా. ఇంకో గుక్క తాగింది. అతను ఇంకా గుమ్మంలోనే ఉన్నాడు, లోపలికి రావాలో వద్దో తెలియనట్టు. కప్పు సగమయ్యాక, అలవాటుకొద్దీ, తను అన్న మాటని మనసులో మొదటినుంచీ ఇంకోసారి చదువుకుంది. దిద్దాల్సిందేమీ కనబడలేదు.